బ్లాక్ ఫ్లాగ్ ఎందుకు నెమ్మదించింది?

పోయిన మే నెలలో మా అక్క కూతురి పెళ్ళి జరిగింది. పసుపు దంచే రోజు పొద్దున, ఇల్లంతా చుట్టాలతో కిటకిటలాడుతున్న వేళ, పెళ్ళికూతురి తమ్ముడు ఒక తెల్ల టీషర్టు వేసుకొని హాల్లోకి వచ్చాడు. దాని మీద నాలుగు నల్లటి నిలువు పట్టీలు ఉన్నాయి. ఒకటి కాస్త పైకి, పక్కది కాస్త కిందికి జరిగి, గాలికి ఊగుతున్నట్టుగా. మా అమ్మ కళ్ళజోడు సవరించుకొని చూసి, "ఏమిట్రా అది, సెల్‌ఫోను సిగ్నలా?" అని అడిగింది. "కాదమ్మమ్మా, జెండా" అన్నాడు వాడు. "జెండా అయితే కర్రేదీ?" అని ఆవిడ మళ్ళీ తన పనిలో పడింది.

ఆ జెండా బ్లాక్ ఫ్లాగ్ అనే అమెరికన్ బృందానిది. పంక్ రాక్‌ను ఇంకా వేగంగా, ఇంకా కోపంగా వాయించే హార్డ్‌కోర్ పంక్ వాళ్ళది. గీసినవాడు రేమండ్ పెటిబోన్. ఆ బృందానికి గిటారిస్టు, పాటల రచయిత, యజమాని అన్నీ తానే అయిన గ్రెగ్ గిన్‌కు సొంత తమ్ముడు. తెల్లజెండా ఎత్తడం లొంగిపోవడమైతే నల్లజెండా దానికి ఎదురు కావాలన్నది ఆ పేరు వెనకున్న ఆలోచన, ఆ పేరు సూచించినవాడు కూడా ఆ తమ్ముడే. మా మేనల్లుడికి ఇదంతా తెలుసు. ఆ ఇంట్లో హార్డ్‌కోర్ పంక్ గురించి మాట్లాడుకోవడానికి మేమిద్దరమే ఉన్నాం కనుక, మధ్యాహ్నం భోజనాలయ్యాక డాబా మీద కూర్చున్నాం. "డ్యామేజ్డ్ ఆల్బమ్ వరకే మామయ్యా" అన్నాడు వాడు తీర్పు చెప్పినట్టు. "తరువాతి ఆల్బమ్ మై వార్ మొదటి వైపు కూడా పరవాలేదు. రెండో వైపు మాత్రం దాటేయాలి. అక్కడితో వాళ్ళు పంక్ కావడం మానేశారు." గ్రామఫోను రికార్డును చేత్తో ముట్టుకోకుండా, ఫోనులోనే సంగీతమంతా విన్న ఇరవై రెండేళ్ళ కుర్రవాడు "రెండో వైపు" అనడం నాకు తమాషాగా తోచింది. ఆ మాటతో పాటు ఆ కోపాన్ని కూడా వాడు, మై వార్ వచ్చిన 1984 నుంచి వారసత్వంగా తెచ్చుకున్నాడు.

ఇంకో అభిప్రాయం కూడా ఉంది, నా వయసు శ్రోతలలో అదే ఎక్కువ. మూడు నెమ్మది పాటలున్న ఆ రెండో వైపు నుంచే స్లడ్జ్ అనే బరువైన, నెమ్మదైన శైలి పుట్టింది, మెల్విన్స్ బృందం ఆ దారి పట్టింది, అక్కడి నుంచి గ్రంజ్ అనే రాక్ శైలి పుట్టింది, నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ తనకు నచ్చిన యాభై ఆల్బమ్‌ల పట్టికలో మై వార్‌ను రాసుకున్నాడు, కాబట్టి అది మహత్తరమైన రికార్డు అన్నది ఆ వాదం. చాలా ఏళ్ళు నేనూ ఈ మాటే చెబుతూ వచ్చాను. ఆ రోజు డాబా మీద కూడా ఇదే చెప్పబోయి, సగంలో ఆగిపోయాను. నా వాదం వాడి వాదం కన్నా మెరుగైనదేమీ కాదని ఆ క్షణంలో అనిపించింది. వాడు ఆ పాటలను వాటికి ముందు వచ్చిన పాటలతో కొలుస్తున్నాడు, నేను తరువాత వచ్చిన వాటితో కొలుస్తున్నాను. ఇద్దరమూ ఆ మూడు పాటలను వినడం లేదు. పెళ్ళి హడావుడి అయ్యాక వాటిని మళ్ళీ కూర్చొని విన్నాను. బ్లాక్ ఫ్లాగ్ నెమ్మదించడం ద్రోహమూ కాదు, జోస్యమూ కాదు. ఆ బృందం మొదటి రోజు నుంచి చేస్తున్న పనినే ఇంకో కాలంలో చేసింది. ఇది నా అభిప్రాయం, దానికి ఎదురు నిలిచే సంగతులూ లేకపోలేదు.

ఐదు నిమిషాల్లో నాలుగు పాటలు

కొన్నేళ్ళ కిందట ఆఫీసు పని మీద లాస్ ఏంజెలెస్ దగ్గర టోరెన్స్‌లో ఉండవలసి వచ్చింది. అక్కడి నుంచి హెర్మోసా బీచ్ కారులో పావుగంట దూరం. బ్లాక్ ఫ్లాగ్ పుట్టిన ఊరు కదా అని ఒక ఆదివారం వెళ్ళి చూస్తే, ఇసుకలో వరసగా వాలీబాల్ వలలు, సముద్రం పొడుగునా నడిచే దారి, ఆ దారికి ఆనుకొని నేను పది జన్మలు ఉద్యోగం చేసినా కొనలేని ఇళ్ళు. ఇంత ఎండలో, ఇంత గాలిలో, ఎవరికి ఎందుకు కోపం వచ్చి ఉంటుందో నాకు అర్థం కాలేదు. లండన్ పంక్‌కు నిరుద్యోగం ఉంది, న్యూయార్క్ పంక్‌కు దివాళా తీసిన నగరం ఉంది. ఇక్కడ ఉన్నది విసుగు, ఆ విసుగును వినిపించడానికి ఒక్క వేదిక కూడా లేకపోవడం. 1976లో పానిక్ అనే పేరుతో మొదలైనప్పుడు వాళ్ళను పిలిచి పాడించేవాళ్ళే లేరు. ఇళ్ళలో జరిగే పార్టీల్లో, దొరికిన హాళ్ళలో వాయించారు.

గిన్ గురించి మా మేనల్లుడి తరం పట్టించుకోని సంగతి ఒకటుంది. అతడు తొలినాళ్ళ నుంచీ గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమాని. హిప్పీలంటే పంక్‌లకు గిట్టదని నమ్మే లోకంలో, గంటల తరబడి ఒకే పాటను సాగదీసే హిప్పీ బృందాన్ని అతడు ఎంతో ఇష్టంగా విన్నాడు. పన్నెండేళ్ళ వయసులోనే రేడియో పరికరాలు తయారుచేసి పోస్టులో అమ్మడానికి సాలిడ్ స్టేట్ ట్యూనర్స్ అనే చిన్న వ్యాపారం పెట్టాడు. తరువాత అతడి రికార్డు కంపెనీ ఎస్‌ఎస్‌టీ రికార్డ్స్‌గా మారింది ఆ పేరే. అంటే ఆ సంస్థ పేరులో తిరుగుబాటు ఏమీ లేదు, సోల్డరింగ్ ఐరన్ వాసన ఉంది. శ్రుతి దొరికేదాకా మీట తిప్పుతూ కూర్చునే మనిషి అతడు. ఈ సంగతి గుర్తుంటే 1984 అంత వింతగా కనబడదు.

మొదటి రికార్డు నర్వస్ బ్రేక్‌డౌన్ 1979 జనవరిలో వచ్చింది. కీత్ మోరిస్ గొంతు, నాలుగు పాటలు, అన్నీ కలిపితే ఐదు నిమిషాల పైచిలుకు. అందులో వేస్టెడ్ అనే పాట నిమిషమైనా ఉండదు. ఈ రికార్డును పొగడడానికి అందరూ వాడే మాట వేగం. నాకు మాత్రం అందులో వేగం కన్నా తొందర వినిపిస్తుంది, ఆ రెండింటికీ తేడా ఉంది. వేగంగా వెళ్ళేవాడికి వెళ్ళే చోటు తెలుసు. తొందరలో ఉన్నవాడికి ఉన్నచోట నిలవలేకపోవడం ఒక్కటే తెలుసు. మోరిస్ ప్రతి పంక్తినీ పూర్తికాకముందే వదిలేసి తరువాతి దానిలోకి దూకుతాడు. వినేవాడికి కాలు పెట్టుకోవడానికి స్థలం ఇవ్వడు.

అదే ఏడాది జులై 22న మాన్‌హాటన్ బీచ్‌లోని పాలీవాగ్ పార్కులో జరిగిన కచేరీ అందరికీ తెలిసిందే. మెత్తటి రాక్ పాటల బృందం ఫ్లీట్‌వుడ్ మాక్ లాంటి సంగీతం వాయిస్తామని ఊరి అధికారులకు చెప్పి అనుమతి సంపాదించారు. చాపలు పరుచుకొని పిల్లలతో కూర్చొని తింటున్న జనం, పాట మొదలయ్యాక తింటున్నవే వాళ్ళ మీదకు విసిరారు. నేను ఆ పార్కు కూడా చూశాను. బాతులు ఈదే చెరువు, పిల్లలాడుకునే స్థలం, పచ్చికలో మెట్లుగా కట్టిన చిన్న వేదిక. అక్కడ నిలబడ్డప్పుడు నాకు తట్టింది ఏమిటంటే, ఈ కథలో మనమంతా నవ్వేది ఆ కుటుంబాలను చూసి. ఐదేళ్ళ తరువాత ఆ కుటుంబాల స్థానంలో కూర్చున్నది గుండ్లు కొట్టించుకున్న పంక్ కుర్రవాళ్ళే. వాళ్ళు కూడా తాము ఆశించినది రానందుకే చేతికందినది విసిరారు.

కోర్టు తెచ్చిన మౌనం

1979 చివర్లో మోరిస్ వెళ్ళిపోయి సర్కిల్ జెర్క్స్ అనే బృందం పెట్టుకున్నాడు. పాడడానికి తరువాత రాన్ రేయిస్ వచ్చాడు, 1980లో ఒక కచేరీ మధ్యలోనే వేదిక దిగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత డెజ్ కడేనా వచ్చాడు. అతడి గొంతు అరిచి అరిచి అరిగిపోతుంటే తాను గిటారు వాయిస్తాననీ పాడడానికి ఇంకొకరిని వెతకమనీ అన్నాడు. 1981 వేసవిలో వాషింగ్టన్ డీసీలో ఐస్‌క్రీమ్ దుకాణం చూసుకుంటున్న ఇరవయ్యేళ్ళ హెన్రీ గార్‌ఫీల్డ్, న్యూయార్క్‌లో వాళ్ళ కచేరీకి వెళ్ళి, తెల్లారితే డ్యూటీకి పోవాలి కనుక పనికి వెళ్ళడం గురించిన పాట ఒకటి వాయించమని అడిగి, అది మొదలు కాగానే వేదిక ఎక్కి తానే పాడేశాడు. కొద్దిరోజులకు పిలుపు వచ్చింది. హెన్రీ రోలిన్స్ అయ్యాడు.

డ్యామేజ్డ్ 1981 చివర్లో వచ్చింది. దాని గొప్పతనం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. ఒక్క చిన్న సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. డ్రమ్స్ వాయించిన, రోబో అని పిలిచే మనిషి చేతికి గాజుల్లాంటి కడియాలు వేసుకునేవాడు. హెడ్‌ఫోన్ పెట్టుకొని వింటే, డ్రమ్స్‌లోని హై-హాట్ అనే జంట తాళాల వెనకాల ఆ కడియాల గలగల సన్నగా వినబడుతుంది. గది నిండా అంత గోల చేస్తున్నా మనిషి చేతి చప్పుడు వినిపించేంత దగ్గరగా ఉంటుంది ఆ రికార్డింగ్. ఇక దాని చివరి పాట డ్యామేజ్డ్ వన్ సంగతి. ఆ పాట వేగంగా ఉండదు. ఈడ్చుకుంటూ, తడబడుతూ, రోలిన్స్ మాటలు వెతుక్కుంటూ, కేకలు పెడుతూ సాగుతుంది. పంక్ అభిమానులు పవిత్రంగా చూసుకునే ఆల్బమ్ ముగిసేదే నెమ్మదితో. కాబట్టి మై వార్‌లో హఠాత్తుగా దారి తప్పారన్న ఆరోపణ అక్కడే సగం వీగిపోతుంది.

మిగతా సగం కోర్టులో ఉంది. డ్యామేజ్డ్‌ను విడుదల చేసిన యూనికార్న్ సంస్థకు ఎంసీఏ అనే పెద్ద రికార్డు కంపెనీ ద్వారా పంపిణీ ఒప్పందం ఉండేది. ఎంసీఏ పంపిణీ అధిపతి అల్ బెర్గామో అది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డు అని చెప్పి పంపిణీకి నిరాకరించాడు. బృందం ఆ మాటనే స్టిక్కరుగా అచ్చువేయించి, అట్ట మీద ఉన్న ఎంసీఏ గుర్తు మీద అంటించింది. అక్కడి దాకా సరదాగానే ఉంది. ఆ తరువాత యూనికార్న్‌తో వ్యాజ్యం ముదిరి, బ్లాక్ ఫ్లాగ్ పేరుతో కొత్త రికార్డులు వేయకూడదని కోర్టు ఉత్తర్వు వచ్చింది. 1982లో పాత రికార్డింగులను ఎవ్రీథింగ్ వెంట్ బ్లాక్ అనే పేరుతో, బృందం పేరు లేకుండా వాయించినవాళ్ళ పేర్లు మాత్రమే వేసి విడుదల చేస్తే, అది కోర్టు ధిక్కారమని గిన్‌నూ బాసిస్టు చక్ డుకౌస్కీనీ ఐదు రోజులు జైల్లో పెట్టారు. 1983లో యూనికార్న్ దివాళా తీయడంతోనే ఈ చిక్కు వీడింది.

అంటే 1981 చివరి నుంచి 1984 మార్చి దాకా రెండేళ్ళకు పైగా కొత్త ఆల్బమ్ లేదు. ఈలోగా బృందం ఖాళీగా లేదు. రోజూ గంటల తరబడి సాధన చేస్తూ, దేశమంతా తిరుగుతూ, డ్రమ్మర్లను మారుస్తూ ఉంది. చక్ బిస్కిట్స్ డ్రమ్స్ వాయించిన 1982 నాటి డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, దొంగ టేపులుగా చేతులు మారాయి, ఇప్పుడు వెతికితే ఎవరికైనా దొరుకుతాయి. మై వార్, స్లిప్ ఇట్ ఇన్ లాంటి పాటలు అందులో అప్పటికే ఉన్నాయి. రెండు గిటార్లతో, బరువుగా, ఇంకా పూర్తిగా నెమ్మదించకుండా, మధ్యదారిలో ఉన్న బ్లాక్ ఫ్లాగ్ అది. ఆ పాటలు సకాలంలో ఆల్బమ్‌గా వచ్చి ఉంటే, శ్రోతలు మెట్టు మెట్టుగా దిగి 1984కు చేరేవాళ్ళు. మధ్యమెట్టును కోర్టు తీసేసింది. నిన్న పొద్దున చూసిన పసివాణ్ణి ఇవాళ గడ్డంతో చూసినట్టు, ఎదుగుదల కనబడకపోవడం వల్ల మార్పు ద్రోహంలా కనిపించింది.

రికార్డు తిప్పినప్పుడు

మై వార్ తయారయ్యే నాటికి బృందంలో నిజానికి ముగ్గురే మిగిలారు. డుకౌస్కీ వెళ్ళిపోవలసి వచ్చింది, ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట మాత్రం అతడు రాసినదే. బాస్ వాయించినవాడి పేరు అట్ట మీద డేల్ నిక్సన్ అని ఉంటుంది. అలాంటి మనిషి లేడు, గిన్ తానే వాయించి మారుపేరు పెట్టుకున్నాడు. డ్రమ్స్ మీద డిసెండెంట్స్ బృందపు బిల్ స్టీవెన్సన్. స్వభావరీత్యా ముందుకు ఉరికే డ్రమ్మరు అతడు. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి, ప్రతి దెబ్బకూ మధ్య ఖాళీ ఎంతుందో తెలిసేదాకా గిన్ నెమ్మదిగా వాయింపజేసేవాడని ఆ సాధనల గురించి బృందంలోనివాళ్ళు చెప్పుకున్నారు.

మొదటి వైపు ఆరు పాటలు. రెండో వైపు మూడే: నథింగ్ లెఫ్ట్ ఇన్‌సైడ్, త్రీ నైట్స్, స్క్రీమ్. మూడూ ఆరు నిమిషాలు దాటినవే. వాటిలో ఏ ఒక్కటి తీసుకున్నా నర్వస్ బ్రేక్‌డౌన్ రికార్డు మొత్తం కన్నా పెద్దది. మొదటిది మొదలైనప్పుడు టేపు సాగిపోయిందేమో అనిపిస్తుంది. గిటారు ఒక బరువైన స్వరాన్ని దించి, తరువాతి దానికి వెళ్ళకుండా అక్కడే నిలబడుతుంది. డ్రమ్ దెబ్బ పడవలసిన చోటికి మన చెవి ముందే చేరుకొని, ఎదురుచూసి, విసిగి, ఇక పడదేమో అనుకున్నాక పడుతుంది. రోలిన్స్ పాడడు, మూలుగుతాడు, ఏదో గుర్తొచ్చినట్టు అరుస్తాడు, మళ్ళీ గొణుగుతాడు. నాలుగో నిమిషం దగ్గర నాకు ప్రతిసారీ పాటను మార్చాలనిపిస్తుంది. మారిస్తే ఓడిపోయినట్టు ఉంటుంది.

చిన్నప్పుడు నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. వర్ణం రెండో కాలంలో గడగడా వాయించి మెప్పు కోసం చూస్తే, మా మాస్టారు తాళం ఆపి, "తప్పులన్నీ దాని కింద దాచేశావు, ఇప్పుడు మొదటి కాలంలో వాయించు, చూస్తాను" అనేవారు. మొదటి కాలంలో నా విల్లు వణికేది. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఖాళీలో నిలబడడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. మై వార్ రెండో వైపు విన్నప్పుడల్లా నాకు ఆ గది, ఆ చాప, ఆ భయం గుర్తొస్తాయి. అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదని నాకు తెలుసు. మన కచేరీలో చౌకకాలానికి గౌరవం ఉంది; విద్వాంసుడు విళంబంగా ఎత్తుకుంటే సభ సర్దుకొని కూర్చుంటుంది. 1984లో అమెరికన్ పంక్ సభలో నెమ్మదికి ఉన్న అర్థం ఒక్కటే: వీళ్ళు హెవీ మెటల్ రాక్ వాయిస్తున్నారు, శత్రువుల్లో చేరిపోయారు. మా మాస్టారి ముందు నేను తప్పు చేస్తే తిట్లు పడేవి. వీళ్ళు తప్పు చేయకుండా వాయించినందుకే ఉమ్ములు పడ్డాయి.

పైగా అప్పటికి రోలిన్స్ జుట్టు భుజాల దాకా పెరిగింది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది, ఆ సభలో అది చిన్నది కాదు. నియమాలను బద్దలు కొడతామని బయలుదేరిన సంగీతానికి ఐదారేళ్ళలోనే జుట్టు పొడవు నుంచి పాట నిడివి దాకా నియమాలు ఏర్పడ్డాయి. సభ ముందు భాగంలో ఒకరినొకరు గుద్దుకుంటూ తిరిగే ఆటకు ఫలానా వేగం కావాలి. ఆ వేగం దొరికితే పాటలో ఏముందో వినవలసిన పని కూడా లేదు, శరీరం తన పని తాను చేసుకుపోతుంది. గిన్ ఆ ఆసరాను లాగేశాడని నా ఊహ. 1979లో కుటుంబాలకు కూర్చోవడానికి వీలు లేకుండా చేసిన సంగీతం, 1984లో కుర్రవాళ్ళకు దూకడానికి వీలు లేకుండా చేసింది. అందుకే ఇది అదే పని అంటున్నాను. తొందరలోనూ నెమ్మదిలోనూ వినేవాడి కాలి కింద నేల లేకుండా చేయడమే బ్లాక్ ఫ్లాగ్ వృత్తి.

ఇది గిన్ ఒక్కడి పిచ్చి కూడా కాదు. అతడి ఎస్‌ఎస్‌టీయే అదే 1984లో సెయింట్ వైటస్ అనే డూమ్ బృందపు, అంటే నెమ్మదైన మెటల్ బృందపు, మొదటి ఆల్బమ్‌ను విడుదల చేసింది. మెటల్ బృందం బ్లాక్ సబ్బత్‌ను బాహాటంగా ప్రేమించిన పొడుగు జుట్టు మనుషులు వాళ్ళు. పంక్ బృందాలైన హుస్కర్ డూ డబుల్ ఆల్బమ్, మినిట్‌మెన్ డబుల్ ఆల్బమ్ కూడా ఆ ఏడాది ఆ సంస్థ నుంచే వచ్చాయి. హార్డ్‌కోర్‌ను కనిపెట్టిన చోటే హార్డ్‌కోర్ నియమాలు ముందుగా విసుగు పుట్టించాయి, అంతే.

వెల చెల్లించినవాళ్ళు

ఇప్పటి దాకా గిన్ మొండితనాన్ని మెచ్చుకుంటూ వచ్చాను. మా మేనల్లుడు నా మాట పూర్తిగా ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఆ మొండితనమే. "ఆయన మొండివాడు కాబట్టి మంచి పాటలొచ్చాయంటావు మామయ్యా, మరి చెడ్డ పాటలు ఎందువల్ల వచ్చాయి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు.

1984 మార్చి నుంచి 1985 చివరి దాకా ఆ బృందం వేసిన రికార్డుల వరస చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: మై వార్, ఫ్యామిలీ మ్యాన్, స్లిప్ ఇట్ ఇన్, ఒక కచేరీ టేపు, లూస్ నట్, ది ప్రాసెస్ ఆఫ్ వీడింగ్ అవుట్, ఇన్ మై హెడ్. కోర్టు ఆపిన నీళ్ళన్నీ ఒకేసారి వదిలినట్టు. అందులో వరదతో పాటు బురద కూడా వచ్చింది. ఫ్యామిలీ మ్యాన్‌లో ఒక వైపు రోలిన్స్ మాటలు, ఇంకో వైపు పాటలేని వాద్య సంగీతం. రెండింటికీ పొత్తు కుదరలేదు. నేను దానిని పూర్తిగా విన్నది మూడుసార్లు, మూడోసారి ఈ వ్యాసం కోసం. స్లిప్ ఇట్ ఇన్ పేరు పాటలో ఆడవాళ్ళ గురించి ఉన్న మాటలను ఏ వివరణతోనూ నేను సమర్థించలేను. బాస్ వాయిస్తున్నది కీరా రోస్లర్ అనే స్త్రీ అన్న సంగతి ఆ మాటలను ఇంకా ఇబ్బందికరంగా చేస్తుంది. లూస్ నట్ పాటలు ఒకదానికొకటి అతుక్కుపోయి వినబడతాయి. వాద్య సంగీతంతోనే నడిచిన ది ప్రాసెస్ ఆఫ్ వీడింగ్ అవుట్ మాత్రం నాకు చాలా ఇష్టం. గిన్ గిటారు శ్రుతి అంచున నడుస్తూ, జారుతూ, ఎక్కడా సర్దుకోకుండా వెళ్తుంటే, కింద రోస్లర్ బాస్ దానిని పడిపోకుండా పట్టుకుంటుంది. ఇన్ మై హెడ్‌లో ఈ రెండు దారులూ కలిశాయి, నా లెక్కలో మై వార్ తరువాత నిలిచేది అదే. అంటే నేను మెచ్చే రికార్డులు సగం కన్నా తక్కువ. మిగతావాటిని ప్రయోగం అనే మాట వెనక దాచడం, మా మాస్టారు అన్నట్టు, తప్పులను వేగం కింద దాచడం లాంటిదే.

మనుషుల లెక్క ఇంకా బాధాకరమైనది. పదేళ్ళలో నలుగురు గాయకులు, అంతకు మించిన డ్రమ్మర్లు. బృందపు ఆలోచనలకు సగం ఊపిరి పోసిన డుకౌస్కీ వేదిక దిగి, ఆఫీసులో కూర్చొని ఆ బృందానికే కచేరీలు కుదిర్చే పనిలోకి వెళ్ళాడు. చదువుకుంటూ, చేతి గాయాన్ని ఓర్చుకుంటూ వాయించిన రోస్లర్‌ను 1985లో పంపించేశారు. స్టీవెన్సన్ కూడా ఆ ఏడాదే వెళ్ళిపోయాడు. 1986 ఆగస్టులో గిన్ రోలిన్స్‌కు ఫోను చేసి తాను బృందం నుంచి తప్పుకుంటున్నానని చెప్పాడు. బృందమే అతడిది కనుక కథ అక్కడితో ముగిసింది. వినేవాడిని సుఖంగా కూర్చోనివ్వకపోవడం కళ అయితే కావచ్చు. పక్కన నిలబడి వాయించేవాడిని సుఖంగా నిలబడనివ్వకపోవడాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఆ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయన్న అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. ఒకటి ఉంచుకొని ఇంకొకటి తీసేయగలిగితే ఆ మూడు పాటలు అలాగే ఉండేవా? ఉండేవని నమ్మాలని ఉంది.

శ్రోతల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, వాళ్ళను మూర్ఖులుగా చూపించి తప్పించుకోవడం అన్యాయం. పెద్ద కంపెనీలూ రేడియోలూ పట్టించుకోని రోజుల్లో ఈ బృందాన్ని ఊరూరా నిలబెట్టింది ఆ కుర్రవాళ్ళే. హాళ్ళు వెతికిపెట్టారు, కరపత్రాలు అంటించారు, తమ ఇళ్ళలో నేల మీద పడుకోనిచ్చారు. అలాంటివాడు టికెట్టు కొనుక్కొని వచ్చి, తనకు ప్రాణమైన పాటలు వినాలనుకోవడం నేరం కాదు. బృందం కొత్త పాటలే వాయిస్తామంటే వాడికి కోపం రావడమూ సహజమే. అయినా, సీసా విసిరే హక్కు టికెట్టుతో రాదు.

ఇక వారసత్వపు వాదం. మెల్విన్స్‌ను చూపించి మై వార్‌ను గొప్పదనడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, అది మళ్ళీ శ్రోతను సుఖంగా కూర్చోబెడుతుంది. ఈ నెమ్మది ఎక్కడికి చేరుతుందో మనకు తెలుసు, కనుక భయం లేదు. 1984 మార్చిలో ఆ రికార్డు మీద సూది పెట్టినవాడికి ఆ ధీమా లేదు. ఆ మూడు పాటలు ఏ దారికీ మొదలుగా వినబడలేదు, దారి మూసుకుపోయినట్టు వినబడ్డాయి. అలా వింటేనే వాటి బలం తెలుస్తుంది.

పాత పాటలు, కొత్త గొడవలు

2013లో ఒక విచిత్రం జరిగింది. గిన్, రాన్ రేయిస్‌తో కలిసి బ్లాక్ ఫ్లాగ్‌ను మళ్ళీ లేపాడు. మోరిస్, డుకౌస్కీ, స్టీవెన్సన్, కడేనా కలిసి ఫ్లాగ్ అనే పేరుతో అవే పాత పాటలు వాయించడం మొదలుపెట్టారు. గిన్ కోర్టుకెక్కాడు, వాళ్ళను ఆపమని అడిగితే న్యాయమూర్తి నిరాకరించాడు. పేరు వాడకూడదన్న ఉత్తర్వు వల్ల ఒకప్పుడు జైలుకు వెళ్ళిన మనిషి, ముప్పై ఏళ్ళకు ఆ పేరు ఇతరులు వాడకూడదని కోర్టు మెట్లు ఎక్కాడు. ఆ ఏడాది చివర్లో వచ్చిన వాట్ ద... అనే ఆల్బమ్‌లో ఇరవై రెండు పాటలు ఉన్నాయి. నేను ఎంత ప్రయత్నించినా వాటిలో ఒక్కటీ నా నోటికి రాలేదు. ఫ్లాగ్ వీడియోలు చూస్తే మాత్రం, అరవైకి చేరువైన మోరిస్ గొంతులో 1979 నాటి తొందర చెక్కుచెదరకుండా ఉంది. మా మేనల్లుడికి నచ్చే బ్లాక్ ఫ్లాగ్ అదే. నాకూ నచ్చింది, ఒప్పుకుంటాను. గంటసేపు వరసగా చూసి, హాయిగా నిద్రపోయాను. ఆ హాయి దగ్గరే నాకు ఏదో తక్కువైనట్టు అనిపించింది.

పెళ్ళయిన మూడో రోజు వాడిని బెంగళూరు విమానం ఎక్కించడానికి నేనే తీసుకెళ్ళాను. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే మై వార్ రెండో వైపు పెట్టాను. మొత్తం ఇరవై నిమిషాల లోపే, శంషాబాద్‌కు సరిగ్గా సరిపోతుంది. మొదట వాడు నవ్వాడు. నథింగ్ లెఫ్ట్ ఇన్‌సైడ్ సగానికి వచ్చేసరికి ఫోను తీశాడు, కాసేపటికి పక్కన పెట్టేశాడు. త్రీ నైట్స్ అంతా కిటికీలోంచి రాళ్ళగుట్టలను చూస్తూ కూర్చున్నాడు. స్క్రీమ్ నడుస్తుండగా టోల్ దగ్గర ముందు బండి ఫాస్టాగ్ పనిచేయక వరస ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి, లోపల ఆ దెబ్బ ఇంకా పడడం లేదు.

"ఇంకా ఎంతసేపుంది మామయ్యా?" అన్నాడు.

"పాటా, దారా?" అని అడిగాను.

వాడు జవాబు చెప్పలేదు. చెయ్యి మాత్రం వాల్యూమ్ మీట దాకా వెళ్ళి, కాసేపు అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది.